పదకొండు సెకన్లు

మూడు లాంతర్ల దగ్గర మేడమీది గది మాది.
ఏ లాంతరు ఎటు చూస్తుందో నేనెప్పుడూ అడగలేదు.
నా మానిటర్ ఆపేసే ఉంటుంది.
మీటరు రాసుకోడానికొచ్చినాయన
"మిషను పాడైపోనాదా తల్లీ" అని జాలిపడి దిగిపోయాడు.
అప్పటికి నేను
ఎవరిదో పెళ్ళి సన్నాయిలోంచి జనరేటరు మోతను
సగం తోడేశాను.

ఎఫ్ మీద ఒక గట్టు, జె మీద ఒక గట్టు.
చూపుడువేళ్ళు వాటిమీద నిలబడితే
మిగతా మడులు ఎక్కడున్నాయో వేళ్ళే చెప్తాయి.
స్పేస్ నొక్కితే నడక, మళ్ళీ నొక్కితే ఆగడం.
షిఫ్ట్ పట్టుకుని బాణం జరిపితే
తడిచీర తాడుమీంచి లాగినట్టు
కాలం కొంచెం కొంచెంగా చేతిలోకొస్తుంది.
తెర చదివే గొంతు నా కోసం పరుగెడుతుంది:
పక్కవాళ్ళకు అది మూకుట్లో పేలాల చప్పుడు,
నాకు నిమిషాలూ సెకన్లూ.

గజపతినగరం బస్సు దిగి ఎర్నమ్మ వచ్చింది,
కొంగున పెన్‌డ్రైవు ముడేసుకుని.
మూడేళ్ళ కిందటి జముకుల కథ,
ఎవరో కుర్రాడు ఫోన్లో పట్టింది.
"ఒలే నీలవేణీ, నడాన నాను మర్సిపోనాను.
ఆ ముక్క తీసీ. నలుగురూ ఇంటే సిగ్గు."

వెతికాను. ఇరవైరెండో నిమిషం.
జముకు తీగ ఆగిపోయింది.
గుర్రం ఎక్కబోతున్న రాజు
ఒక కాలు గాల్లో పెట్టుకుని అలాగే ఉన్నాడు,
పదకొండు సెకన్లు.
పక్క బల్లమీది గౌరీశు తన తెరలో చూసి
"గీత సాపుగా ఉందక్కా, అక్కడేటీ లేదు, కోసీ" అన్నాడు.
వాడికి అన్నీ కనబడతాయి పాపం.

శబ్దం పెంచాను. ఇంకా పెంచాను.
ముందు కీచురాళ్ళు.
ఎవరో పిల్లాడి దగ్గు, వాడి వీపు తట్టిన చెయ్యి.
ఆ తరువాత,
జముకు తోలుకి చెంప ఆనించినంత దగ్గర్లో
ఒక గుసగుస.
వంతపాడే పోలమ్మ.
అందిస్తున్నది కథ కాదు.

"బిళ్ళేసుకున్నావేటే?"
"ఊఁ."
"అబద్దం."

తీగ మోగింది. రాజు గుర్రమెక్కాడు.

పోలమ్మకీ ఈమెకీ ఇప్పుడు మాటల్లేవు.
సాలూరులో చెప్పిన కథ తాలూకు
పదిహేను వందల దగ్గర జట్టు రెండైంది.
ఒకరున్న బస్సు ఇంకొకరు ఎక్కరు.

అయినా కోశాను. చెయ్యమన్న పని.
అల సున్నా దాటే చోట పట్టుకుని
ఈ అంచు ఆ అంచుకి
అతుకు కనబడకుండా,
అందరూ అలాగే అంటారు, నేనూ అలవాటుగా అనేస్తాను,
కలిపాను.
కోసింది మాత్రం పారెయ్యలేదు.
ఫైలు పేరు అడిగింది గొంతు. "బిళ్ళ" అని కొట్టాను.
"బిల్ల" అని చదివి ఊరుకుంది.

వారం తిరిగాక ఎర్నమ్మ
హెడ్‌ఫోను పెట్టుకుని కూచుంది.
నేను ఆమె గాజుల్ని వింటున్నాను,
తొడమీద తాళం వేస్తున్నాయి.
ఇరవైరెండో నిమిషంలో గాజులు ఆగాయి.

"ఇక్కడేదో పోనాదే."
"నువ్వే తీసీమన్నావు."
"అన్నాన్లే."

ఆల్ట్ నొక్కి పట్టి ట్యాబ్. రెండో ఫైలు. స్పేస్.
పదకొండు సెకన్లు.
ఆమె నవ్వలేదు.
ఏడవనూ లేదు, ఏడిస్తే ముక్కు ముందే చెప్పేస్తుంది.
వీధిలో అరటిపళ్ళ బండి అరుపు వచ్చి,
మలుపు తిరిగి పోయింది.
అప్పుడు బటన్ల ఫోను ఒకటి
నా అరచేతిలో పెట్టింది, వెచ్చగా.
"రేత్రి ఎనిమిదికి ఇది మోగీలా ఎట్టు.
బిళ్ళ మరిసిపోతన్నాను."
కథలో మాత్రం మళ్ళీ కలపొద్దంది.

డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
సగం మెట్లు దిగాక చెప్పుల చప్పుడు ఆగింది.

"ఒలే, ఆకర్న అబద్దం అన్నాది సూడు,
అది కూడా ఎట్టీసావా?"

"పెట్టాను."